గేమింగ్ కంపెనీలో కొలువా? జీతం ఎక్కణ్నుంచి వస్తుందో అడగండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో చదువు పూర్తవగానే మన పిల్లల చూపు బెంగళూరు మీదే. సోమల నుంచైనా బస్సెక్కేది అటే. అక్కడి గేమింగ్ కంపెనీల్లో చేరాలనుకునేవారు సాయి శ్రీనివాస్ ప్రస్థానాన్ని ఒకసారి చూడాలి.

ఆయన గేములతో మొదలుపెట్టలేదు. శుభ్ మల్హోత్రాతో కలిసి స్థాపించిన క్రియో సంస్థ 2016లో మార్క్ 1 అనే ఫోను తెచ్చింది. ఫోన్ల పోటీ తెలిసిందే కదా, నిలవలేదు. 2017లో క్రియోను హైక్ కొనేసింది. మరుసటి ఏడాదే ఇద్దరూ మొబైల్ ప్రీమియర్ లీగ్ (ఎంపీఎల్) ప్రారంభించారు. 2019లో కోహ్లి ప్రచారకర్త. 2020లో టీమిండియా జెర్సీ మీద కంపెనీ పేరు. 2021 నాటికి సంస్థ విలువ 230 కోట్ల డాలర్లు! ఒకసారి దెబ్బతిన్నవాళ్లు మూడేళ్లలో అంత ఎత్తుకు వెళ్లడం మామూలు విషయం కాదు.

అయితే ఆ ఎదుగుదలకు ఆధారమేంటి? ఆడేవాళ్లు డబ్బు కడతారు, గెలిచినవాళ్లకు కొంత పోతుంది, మిగిలిన వాటా కంపెనీది. ఇలా డబ్బు పెట్టి ఆడే ఆటలను తెలంగాణ 2017లోనే, మన రాష్ట్రం 2020లో నిషేధించాయి. 2023లో ఆటలో పెట్టే పూర్తి మొత్తంపై 28 శాతం జీఎస్టీ అనగానే ఎంపీఎల్‌లో సుమారు 350 మంది ఉద్యోగాలు పోయాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి దేశమంతా ఆ ఆటలు ఆపేసింది. భారత్‌లోని సిబ్బందిలో దాదాపు 60 శాతం మందిని సంస్థ తగ్గిస్తోందని వెంటనే వార్తలొచ్చాయి. నిషేధం సబబేనని మా అభిప్రాయం. కానీ వీధిన పడ్డ కుర్రాళ్లు పందేలు కాయలేదు, కోడ్ రాశారంతే.

అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను, డబ్బు పందెం లేని ఆటలను ప్రోత్సహిస్తామంటోంది. కాబట్టి దారి మూసుకుపోలేదు. ఇంటర్వ్యూలో ప్యాకేజీతోపాటు ఇంకోటి అడగండి: మీ రాబడి ప్రకటనల నుంచా, గేములో అమ్మే వస్తువుల నుంచా, విదేశీ స్టూడియోలకు చేసే పని నుంచా? అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడొద్దు. ఇక మీ వైపు నుంచి, గేముల్లో సాధించిన ర్యాంకు రెజ్యూమెలో రాస్తే పెద్దగా ఒరిగేదేం లేదు. యూనిటీలోనో అన్‌రియల్‌లోనో చేసిన బుల్లి గేము, అయిదు నిమిషాలు ఆడించగలిగేదైనా చాలు, దాని లింకు పెట్టండి. బొమ్మలు వేసేవాళ్లయితే బ్లెండర్‌లో చేసిన నాలుగు మోడళ్లు చూపించండి.