బైపీసీ పిల్లలకు లెక్కలెందుకు దూరం?

పదో తరగతి ఫలితాలు వచ్చాక తెలుగు ఇళ్లలో వారం పది రోజుల్లో తేలిపోయే ప్రశ్న ఒకటుంది: ఎంపీసీయా, బైపీసీయా? ఇంజినీరింగ్ అయితే మొదటిది, మెడిసిన్ అయితే రెండోది. ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండు గ్రూపుల్లోనూ ఉంటాయి కనుక సైన్సు మీద ఇష్టమున్న పిల్లలు ఆ వారంలో తేల్చుకోవాల్సింది ఏది వదిలేయాలన్నదే. పదిహేను, పదహారేళ్ల వయసులో ఒకరు జీవశాస్త్రానికి, మరొకరు లెక్కలకు దాదాపు శాశ్వతంగా దూరమవుతారు. ఈ విభజన ప్రవేశ పరీక్షల అవసరం కోసం నిలబడింది తప్ప సైన్సు చదువుకు దీని అవసరం లేదు. పైగా నష్టం ఇద్దరికీ సమానం కాదు. లెక్కలు వదిలేసిన పిల్లలే ఎక్కువ నష్టపోతున్నారు. వాళ్లకు ఇంటర్‌లోనే ఎంతో కొంత గణితం అందేలా చూడటం ఇంటర్మీడియట్ మండళ్ల బాధ్యత.

ఫిజిక్స్ సిలబస్ రెండు గ్రూపులకూ ఒకటే. సరళ హరాత్మక చలనం పాఠంలో స్థానభ్రంశం నుంచి వేగాన్ని, వేగం నుంచి త్వరణాన్ని రాబట్టాలంటే అవకలనం తెలియాలి. ఎంపీసీ విద్యార్థి దాన్ని లెక్కల క్లాసులో నేర్చుకుంటాడు. బైపీసీ విద్యార్థినికి ఆ క్లాసే లేదు. లెక్చరర్ ఓపికను బట్టి బోర్డు మీద నాలుగు సూత్రాలు రాసిస్తే, సైన్ కాస్ ఎందుకవుతుందో తెలియకుండానే ఆమె వాటిని కంఠస్థం చేయాలి. కెమిస్ట్రీలో ప్రథమ క్రమాంక చర్యల రేటు సమీకరణానికి సమాకలనం కావాలి. పీహెచ్ లెక్కకు సంవర్గమానాలు కావాలి. ఆమె సొంత సబ్జెక్టులోనూ ఇదే పరిస్థితి. జీవపరిణామంలో వచ్చే హార్డీ-వైన్‌బర్గ్ సూత్రం వర్గ విస్తరణ, సంభావ్యత కలిసిన లెక్క. సంభావ్యత చెప్పకుండా ఆ సూత్రం చెబితే బట్టీ పట్టడం తప్ప ఆమెకు మరో దారి ఉండదు. బైపీసీ పిల్లలు ఫిజిక్స్ అంటే జంకుతారని తేలిగ్గా అనేస్తాం. ఆ సబ్జెక్టు చదవడానికి కావాల్సిన సాధనమే వాళ్ల చేతికివ్వలేదన్న సంగతి మాత్రం గమనించం.

ఈ లోటు ఉన్నత విద్యాసంస్థలకు బాగా తెలుసు. బీఫార్మసీలో రెండు గ్రూపుల వాళ్లూ చేరతారు కాబట్టి ఫార్మసీ కౌన్సిల్ సిలబస్‌లో మొదటి సెమిస్టర్‌లోనే ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకు రెమెడియల్ బయాలజీ, బైపీసీ నుంచి వచ్చినవాళ్లకు రెమెడియల్ మ్యాథమెటిక్స్ పెట్టారు. రెండేళ్లలో స్థిమితంగా నేర్చుకోవాల్సిన గణితాన్ని ఒక్క సెమిస్టర్‌లో, మిగతా పేపర్లతో పాటు మింగాలి. సైన్సు విద్య, పరిశోధనల కోసం నడిచే జాతీయ సంస్థలైన ఐసర్ల ప్రవేశ పరీక్ష చూడండి. తిరుపతిలో 2015 నుంచి ఒక ఐసర్ నడుస్తోంది. ఈ సంస్థల పరీక్షలో 60 ప్రశ్నలుంటాయి. జీవశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం, ఒక్కోదానికి 15. శుద్ధ సైన్సు చదవాలనుకునే పిల్లలకు దేశంలో ఉన్న మేలైన చోట్లలో ఒకటి మన ముంగిట్లోనే ఉంది. ఆ పరీక్షకు ఎంపీసీ విద్యార్థి వెళ్లినా, బైపీసీ విద్యార్థి వెళ్లినా నాలుగోవంతు ప్రశ్నపత్రం కాలేజీలో చదవని సబ్జెక్టులోనే ఉంటుంది.

తర్వాత మార్చుకోవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. దానికి వెంకీ రామకృష్ణన్‌ను ఉదాహరణగా చూపుతారు. ఆయన 1976లో భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, ఆ తర్వాత జీవశాస్త్రం మొదటి నుంచి చదువుకుని, రైబోజోమ్ నిర్మాణం మీద పరిశోధనకు 2009లో రసాయనశాస్త్ర నోబెల్ పంచుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది అక్కడి మ్యూజియంలోని పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడానికి. అక్కడే, జన్యుశాస్త్ర ఆచార్యుడిగా ఉన్న ఆర్.ఎ.ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. ఈ ఇద్దరూ లెక్కలు చేతిలో పట్టుకుని జీవశాస్త్రం వైపు వెళ్లినవాళ్లే. ఆ దిక్కుగా దారి కష్టమైనా తెరిచే ఉంటుంది. లెక్కలు ఇంటర్‌లోనే వదిలేసి, పాతికేళ్ల వయసులో మళ్లీ మొదలుపెట్టి నిలదొక్కుకోవడం చాలా అరుదు. నిబంధనలూ ఈ తేడాను పెంచాయి. ఇంటర్‌లో జీవశాస్త్రం చదవనివాళ్లు తర్వాత దాన్ని అదనపు సబ్జెక్టుగా రాసి నీట్‌కు వెళ్లొచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో స్పష్టం చేసింది. ఇంజినీరింగ్‌లో ఎక్కువ బ్రాంచీల తలుపు మాత్రం బైపీసీ పిల్లలకు మూసే ఉంది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం నీట్ నుంచే వస్తుంది. అందులో 180 ప్రశ్నల్లో 90 జీవశాస్త్రానివి, గణితానికి ఒక్కటీ లేదు. డాక్టరు కావాలనుకునే అమ్మాయి లెక్కల మీద పెట్టే ప్రతి గంటా ర్యాంకును వెనక్కి నెడుతుందన్న తల్లిదండ్రుల భయంలో నిజముంది, దాన్ని కొట్టిపారేయలేం. అయితే 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షల పైచిలుకు. ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త ఎక్కువ. రాసినవాళ్లలో అత్యధికులు వ్యవసాయం, ఫార్మసీ, నర్సింగ్, బయోటెక్నాలజీ, డిగ్రీ సైన్సుల వైపే వెళతారు. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని పరిశోధన కేంద్రాల్లో ఉద్యోగం అడిగితే జన్యు సమాచారాన్ని విశ్లేషించగలవా, గణాంకాలు తెలుసా అన్న ప్రశ్న ఎదురవుతుంది. సీటు వచ్చే కొద్దిమంది సౌకర్యం కోసం, రాని లక్షల మందికి గణితం అందకుండా చేసే ఏర్పాటును సమర్థించలేం. సీటు వచ్చిన డాక్టరుకైనా ఒక మందు పరీక్ష ఫలితాలను చదివి నమ్మాలో వద్దో తేల్చుకోవడానికి గణాంకాలు కావాలి.

బరువు మాటా ఉంది. పిల్లలు ఇప్పటికే పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో నలిగిపోతున్నారు, ఇంకో సబ్జెక్టా అంటారు. ఆ గంటల్లో ఎక్కువ భాగం ఒకే రకం బిట్లను పదే పదే చేయించడానికే పోతోంది. సీబీఎస్ఈలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, మ్యాథ్స్ నాలుగూ ఇంగ్లిష్‌తో కలిపి చదివే వీలు ఎప్పటి నుంచో ఉంది. అయినా అందరికీ పూర్తి గణితం అక్కర్లేదు. ప్రమేయాలు, సంవర్గమానాలు, అవకలన సమాకలనాల మౌలికాంశాలు, సంభావ్యత, గణాంకాలు వస్తే బైపీసీ విద్యార్థికి చాలావరకు సరిపోతుంది. జామెట్రీలోని కఠినమైన అధ్యాయాలు వదిలేయొచ్చు.

దీనికి కొత్త వ్యవస్థేమీ అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ మండలి 2025-26 నుంచి లెక్కలు, జీవశాస్త్రం రెండూ కలిపి చదివే ఎంబైపీసీకి వీలు కల్పించింది. ఇది మంచి నిర్ణయం. తెలంగాణలో ఇంటర్ పరీక్షల టైంటేబుల్ తీసి చూస్తే, చివరి రోజుల్లో బైపీసీ విద్యార్థులకు బ్రిడ్జి కోర్సు మ్యాథ్స్ పేపరు కనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ ఉన్న ఆ పేపరు సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. దాన్ని వారానికి మూడు గంటల క్రమబద్ధమైన బోధనగా మార్చాలి. లెక్చరర్లు లేరన్నది అన్నిచోట్లా నిజం కాదు. రెండు గ్రూపులూ ఉన్న జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాళ్లు, జీవశాస్త్రం చెప్పేవాళ్లు ఒకే ప్రాంగణంలో ఉంటారు. అడ్డొచ్చేది టైంటేబుల్. ఒక సెక్షన్‌కు లెక్కల క్లాసు పడిన గంటలోనే రెండో సెక్షన్‌కు బోటనీ పడుతుంది. వారంలో కొన్ని గంటలను రెండు గ్రూపులకూ ఖాళీగా ఉంచమని మండలి ఆదేశిస్తే సగం చిక్కు విడిపోతుంది. ప్రవేశాల సమయంలో ఎంబైపీసీ, బ్రిడ్జి కోర్సు గురించి ప్రతి విద్యార్థికీ చెప్పి సంతకం తీసుకోవాలన్న నిబంధన పెట్టాలి. ఏ కాలేజీలో ఎందరు వాటిని తీసుకున్నారో మండళ్లు ఏటా ప్రకటించాలి. ఒక్కరూ తీసుకోని కాలేజీలకు వెళ్లి, పిల్లలకు ఆ అవకాశం ఉందని అసలు చెప్పారో లేదో ఆరా తీయాలి.