ముత్తవ్వ పేరేమిటి?



మీ అవ్వ పేరు మీకు తెలుసు. మరి అవ్వను కన్నతల్లి పేరు? బడంగ్‌పేటలో ఏ పిల్లవాణ్ణి అడిగినా బుర్ర గోక్కుంటున్నాడు.

పాత కాగితాల్లో వెతుకుదామా? మన తెలంగాణలో 1954-55లో ఊరూరా ఖాస్రా పహాణీ వ్రాశారు. అందులో సర్వే నంబరు చూస్తే, ఆనాడు ఆ భూమి ఎవరి పేర ఉన్నదో, దున్నినది ఎవరో తెలుస్తుంది. కాని చాలావరకు మగవారి పేర్లే. ఆ పొలంలోనే నాట్లు వేసిన ముత్తవ్వ పేరు సాధారణంగా కనిపించదు.

ఇప్పుడొక వింత చూడండి. 1860లో 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి 342 మందిని చెరుకుతోటల్లో కూలికని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు తీసుకుపోయింది. తరువాత అలా వెళ్ళినవారిలో తెలుగువారు వేలకొద్దీ ఉన్నారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు వ్రాశారు. ఆడవారికీ అంతే. కూలీల లెక్క తప్పకూడదని దొరలు వ్రాయించిన ఆ జాబితాలు పట్టుకొని, ఇవాళ అక్కడి మునిమనుమలు తమ ఊరు వెతుక్కుంటున్నారు.

సముద్రం దాటిన అవ్వ పేరు దొరుకుతున్నది. ఊళ్ళోనే ఉన్న అవ్వ పేరు దొరకటం లేదు!

అందుచేత ఈ సాయంత్రమే నోటుబుక్కు పట్టుకొని అవ్వ దగ్గర కూర్చోండి. ముత్తవ్వ పేరు, పుట్టినూరు అడగండి. ఏ ఏట పుట్టిందో తెలియదంటే, "పోలీసు చర్య నాటికి మీ అమ్మకు పెళ్ళయిందా, అవ్వా?" అనండి. అది 1948. దాన్నిబట్టి వయస్సు సుమారుగా తేలుతుంది. విన్నది విన్నట్టు వ్రాసి, కింద తేదీ వేయండి. ఆ కాగితం ఏ కచ్చేరీలోనూ లేదు. మీరు వ్రాస్తేనే ఉంటుంది.