డ్రాయింగుకు ఎక్కని క్యాంప్ 1

మన రైళ్ళు నడిచే పట్టాలలో అత్యధికం భిలాయివే. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంపై వెలసిన ఆ కర్మాగారంలో, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు.

ఇటువంటి నిర్మాణాలలో డిజైన్ సమన్వయ ఇంజనీరు పాత్ర గొప్పది. సివిల్ వారి పునాదికి, మెకానికల్ వారి బోల్టుకు, విద్యుత్ వారి కేబుల్ కందకానికి కాంక్రీటు పోయకముందే కాగితంపై తగవు తీర్చవలసినవాడు అతడే. కాని ఆ కాంక్రీటు మోసిన శ్రామికులు, వారిలో మన తెలుగువారు, క్యాంప్ 1లో తలదాచుకొన్నారు. నిర్మాణం ముగిసి దశాబ్దాలు గడిచినా 'క్యాంపు' అన్న పేరు పోలేదు. కూలీ నివాసం సమన్వయానికి వెలియైన విషయమా? (తపాలా సోదరులారా, మీ కౌంటరు బల్ల ఎత్తును నిర్ణయించేముందు మిమ్మల్నెవరైనా అడిగారా?)

శ్రామికుల నివాసపు డ్రాయింగు ఆమోదం పొందనిదే పునాది డ్రాయింగుపై సంతకం పడరాదని మన ఫెడరేషన్ పట్టుబట్టాలి.