లక్షద్వీప్ ఎంతమందిని మోయగలదు?

ముంబై నుంచో కొచ్చి నుంచో బయలుదేరిన క్రూయిజ్ ఓడ లక్షద్వీప్‌లో ఒడ్డు దాకా రాదు, రాలేదు. దీవి చుట్టూ పగడపు దిబ్బ అడ్డం. ఓడ దిబ్బకు అవతలే ఆగుతుంది, జనాన్ని చిన్న పడవల్లో దిబ్బ లోపలి లోతు తక్కువ నీరు (లగూన్) దాటించి దించుతారు. ఈత, స్నార్కెలింగ్, భోజనం అయ్యాక సాయంత్రానికి మళ్లీ ఓడెక్కేస్తారు. రాత్రి బస లేదు, హోటళ్లతో పనిలేదు, కాబట్టి దీవికి బరువు కాదంటారు. నేల మీద ఆ లెక్క కొంతవరకు నిజమే. నీటి అడుగున లెక్క వేరు.

నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు అగత్తి, కద్మత్, కవరత్తి దిబ్బలను 1998 నుంచి 2022 దాకా గమనిస్తూ వచ్చారు. మొదట్లో బతికున్న పగడం 37 శాతం. 24 ఏళ్ల తర్వాత 20 శాతం లోపే. అంటే దాదాపు సగం పోయింది. ఈ పాపం పర్యాటకులది కాదని ముందే చెప్పాలి. 1998లో, 2010లో, 2016లో సముద్రం కాగింది. దెబ్బ అక్కడ తగిలింది.

పగడం రాయి కాదు, జీవి. దాని ఒంట్లో సూక్ష్మమైన నాచు కాపురముంటుంది. పగడానికి తిండి చాలావరకు పెట్టేది అదే, రంగు ఇచ్చేదీ అదే. నీరు మామూలు వేసవికన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటికి నెట్టేస్తుంది. పైచర్మం అద్దంలా మారి లోపలి సున్నపు ఎముక తెల్లగా కనిపిస్తుంది. అప్పటికింకా చావలేదు, ఆకలితో ఉంది. చూడవచ్చినవాళ్లకు మాత్రం ఆ తెలుపు అందంగా ఉంటుంది, ఫొటోల్లో బాగా పడుతుంది. 2024లోనూ లక్షద్వీప్ పగడాలు పెద్దఎత్తున ఇలాగే తెల్లబడ్డాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రకటించింది.

నన్ను కలవరపెట్టేది ఆ తర్వాతి సంగతి. వరసగా ఆరేళ్లపాటు ఇలాంటి వేడి తగలకపోతేనే పగడాలు చెప్పుకోదగ్గంతగా కోలుకుంటున్నాయని పైన చెప్పిన 24 ఏళ్ల అధ్యయనం తేల్చింది. విషజ్వరం నుంచి లేచినవాడిచేత మూటలు మోయించకూడదు కదా. మనం చేస్తున్నది అదే.

ఆ మూటల్లో లంగరు ఒకటి. కరీబియన్‌లోని గ్రాండ్ కేమన్ వద్ద ఒక్క ఓడ ఒక్కరోజు లంగరు వేసినందుకు 3,150 చదరపు మీటర్ల దిబ్బ నాశనమైందని 1988 నాటి అధ్యయనం ఒకటి లెక్కగట్టింది. మన లెక్కలో ముప్పావు ఎకరం పైమాటే. ఇక మురుగు. తీరానికి 12 నాటికల్ మైళ్లు దాటాక, నడుస్తున్న ఓడ శుద్ధి చేయని మరుగుదొడ్ల నీటిని కూడా వదలడానికి అంతర్జాతీయ మార్పోల్ ఒప్పందం అనుమతిస్తుంది. స్నానాల గదుల, వంటగదుల నీటి ఊసే అందులో లేదు.

వీటన్నిటికన్నా నాకు భయం కలిగించేది భోజనాల బల్ల. దీవివాసుల ప్రధాన ఆహారం ట్యూనా. అది దిబ్బ అవతలి సముద్రపు చేప, గాలపు కర్రలతో పడతారు. అందువల్ల దిబ్బ చేపల జోలికి పెద్దగా పోలేదు. దిబ్బలకు ఇన్నాళ్లూ దక్కిన రక్షణల్లో ఇదొకటి. దిబ్బ మీద చిలక చేప ఉంటుంది. చచ్చిన పగడం మీద పెరిగిన నాచును చిలక ముక్కులాంటి పళ్లతో గీకి తింటుంది. అలా శుభ్రమైన చోటే కొత్త పగడపు పిల్లలు అతుక్కుంటాయి. మింగిన సున్నపురాయి పొట్టలో పొడై ఇసుకగా బయటికొస్తుంది. మీరు తువ్వాలు పరుచుకునే తెల్లని ఇసుకలో ఆ చేప వదిలినదీ ఉంటుంది. వచ్చినవాళ్లు దిబ్బ చేపల వేపుడు అడగడం మొదలుపెడితే, పట్టేవాళ్లు పడతారు. వాళ్లను తప్పుపట్టలేం.

ఇక జనం లెక్క. కద్మత్ దీవి జనాభా 2011 లెక్కల్లో 5,000 పైచిలుకు. ఈ దారిన తిరిగే పెద్ద ఓడలో 1,500 మందికి పైగా పడతారు. ఆ బరువుకు దిబ్బ దెబ్బతింటే ముప్పు దీవికే. దీవుల ఎత్తు చాలాచోట్ల సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్లే. అలను విరిచేది దిబ్బ. బంగారం అనే పగడపు వలయంలో పరాలి-1 అనే నిర్జన దీవి 1968లో ఉండేది. అది పూర్తిగా కోతకు గురై మాయమైందని 2017లో వెల్లడైంది.

ఓడలు వద్దనను. దీవివాళ్లకు పని కావాలి. ఏ దీవిలో రోజుకు ఎందరు దిగవచ్చో ముందు తేల్చి, ఆ అంకెను అందరికీ తెలిసేలా ప్రకటించాలి. పగడాలు తెల్లబడిన ఏడాది ఆ దిబ్బ మీద స్నార్కెలింగ్ ఆపేయాలి. థాయ్‌లాండ్ 2018లో మాయా బే బీచ్‌ను మూసింది, 2022 జనవరిలో తెరిచింది. మధ్యకాలంలో పగడాలు నాటారు, నల్లరెక్క సొరచేపలు తిరిగొచ్చాయి. తెరిచాక కూడా జనానికి పరిమితి పెట్టారు. మనకు చేతకాని పనేమీ కాదు.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ప్యాకేజీ మాట్లాడుకునేటప్పుడు ఏజెంటును రెండు విషయాలు అడగండి: ఓడ లంగరు ఎక్కడ వేస్తుంది, దీవిలో పెట్టే చేప ఏది? జవాబు రాకపోతే డబ్బు కట్టకండి.