ప్రెస్సు క్రింద చేయి పెట్టవలసిన అవసరమేమి?

తాల్‌బగీచాలో జరిగిన మన శాఖా సమావేశానికి ఒక యువ కార్మికుడు కుడి చేయి జేబులోనుండి తీయకుండానే వచ్చి కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు నమస్కరించవలసి వచ్చినప్పుడు గాని ఆ చేతికి చూపుడు వేలు లేదని మాకు తెలియలేదు. తాతా, తండ్రీ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన కుటుంబం అది. మూడవ తరానికి ఆ గేటు తెరుచుకొనలేదు. హౌరా వైపు ఒక చిన్న షెడ్డులో పవర్ ప్రెస్సు మీద కాంట్రాక్టు పనిలో చేరాడు. ఆ షెడ్డు పేరు ఇక్కడ వ్రాయబోము. అటువంటివి ఒకటి రెండు కావు.

ప్రెస్సు పని ఎరుగని సోదరులకు రెండు మాటలు. రేకును కొలిమిలో పెట్టకుండా, చల్లగానే, పైనున్న పంచ్‌కూ క్రిందనున్న డైకీ నడుమ ఉంచి ఒక్క దెబ్బతో కత్తిరించడమో, వంచడమో ఈ పని. 2 మిల్లీమీటర్ల మెత్తని ఉక్కు రేకు నుండి 100 మిల్లీమీటర్ల వ్యాసం గల బిళ్ళ తీయాలంటే సుమారు 22 టన్నుల బలం కావాలి. అది రెప్పపాటులో దిగుతుంది. పంచ్ అంచు మొద్దుబారినా, పంచ్‌కూ డైకీ మధ్య సందు సరిగా లేకపోయినా బిళ్ళ ఇరుక్కుంటుంది. దానిని తీయడానికి చేయి లోపలికి పోతుంది.

అప్పుడు రెండవ దెబ్బ పడితే? పాత ప్రెస్సులలో కీ క్లచ్ ఒకసారి పట్టుకుంటే దెబ్బ పూర్తి అయ్యేదాకా విడువదు. కీ అరిగినా, స్ప్రింగు విరిగినా, పెడల్ మీద కాలు లేకుండానే ర్యామ్ మరల దిగవచ్చు. ఆ యువకుడు చెప్పినదీ ఇదే: “నేను పెడల్ తొక్కలేదండీ.” యజమాని కాగితం మీద మాత్రం “కార్మికుని అజాగ్రత్త” అని ఉన్నది. క్లచ్‌ను విప్పి చూసినవారు లేరు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షను ప్రమాదకరమైన యంత్రభాగాలకు కంచె ఉండాలని ఏనాడో విధించింది. డై చుట్టూ గార్డు, రెండు చేతులూ నొక్కితేనే కదిలే మీటలు, బిళ్ళ తీయడానికి ఒక పట్టకారు: ఇవి చంద్రమండలం నుండి తేవలసిన వస్తువులు కావు. అయితే ముక్కకింత అని కూలి కట్టిన చోట మొట్టమొదట ఊడేది గార్డే. చాలాసార్లు దానిని విప్పేది మన చేతులే. ముక్క రేటు పెంచమని ఎన్నో మారులు బేరమాడిన మేము గార్డు కోసం అంత గట్టిగా బేరమాడలేదని ఒప్పుకొనక తప్పదు.

1923 నష్టపరిహార చట్టం షెడ్యూలులో చూపుడు వేలు మొత్తం పోతే సంపాదనా శక్తిలో 14 శాతం నష్టమని, బొటనవేలికి 30 శాతమని లెక్క కట్టి ఉండేది. కాంట్రాక్టరు మనిషి అన్న సాకుతో ప్రధాన యజమాని తప్పించుకొనజాలడని కూడ ఆ చట్టమే చెప్పింది. ఇక 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతి, కరెంటుతో నడిచే చోట “ఫ్యాక్టరీ” అనిపించుకొనడానికి ఉండవలసిన కార్మికుల సంఖ్యను 10 నుండి 20కి పెంచింది. పదిహేను మందితో నాలుగు ప్రెస్సులు నడిపే షెడ్డుకు ఇంతకన్న ఏమి కావాలి? వేళ్ళు ఎక్కువగా తెగేది అక్కడనే అని మా అనుభవం.

1927లో ఉద్యోగాల తొలగింపును ప్రతిఘటించి, సమ్మెనూ లాకౌటునూ తట్టుకొని నిలిచిన కార్మికుల ఊరు ఖరగ్‌పూర్. వి.వి. గిరి వంటి నాయకులు ఆ బి.ఎన్.ఆర్. కార్మికుల పక్షాన పనిచేశారు. వారి మనుమలు నేడు ఏ రిజిస్టరులోనూ పేరు లేకుండా ప్రెస్సుల ముందు కూర్చుంటున్నారు.

ఆ యువకుని నష్టపరిహారపు అర్జీని శాఖ చేపట్టింది. ప్రెస్సు పనిలో ఉన్న సభ్యులు తమ షెడ్డులో ప్రెస్సులెన్ని, గార్డులున్నవెన్ని, క్లచ్‌ను చివరిసారి విప్పి చూసినది ఎప్పుడు అన్న మూడు సంగతులను వ్రాసి శాఖా కార్యదర్శికి అందజేయవలెను. యజమానికి తెలుస్తుందన్న భయమున్నవారు పేరు వ్రాయనవసరము లేదు.