పాఠకుడు చావలేదు, పికప్ రాలేదు

తెలుగులో పుస్తకాలు చదివేవాళ్ళు లేరు అనే మాట ఏ సభలో విన్నా ఈ మధ్య నాకు చిరాకేస్తోంది. ఆ మాట అనేవాళ్ళలో ఎంతమంది ఒక్కసారైనా ఒక పుస్తకాన్ని అట్టలో చుట్టి, అడ్రసు రాసి, తూకం వేయించి పంపారో అడగాలనిపిస్తుంది. పాఠకుల అభిరుచి గురించి, సెల్‌ఫోన్ల గురించి, ఇంగ్లీషు మీడియం గురించి మనం ఏళ్ళ తరబడి బాధపడుతూనే ఉన్నాం. అచ్చయిన పుస్తకం చదివే మనిషి చేతికి ఏ దారిన పోతుంది, ఆ దారిలో గేట్లు ఎవరు పెట్టారు, ఎంత వసూలు చేస్తున్నారు అన్నది మాత్రం మనకి సాహిత్య విషయంలా కనిపించదు. అది వ్యాపారం, మనం సాహిత్యకారులం!

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. బెంగళూరులో ఉద్యోగం. మాది వాల్మీకిపురం, పాతవాళ్ళ నోట్లో ఇప్పటికీ వాయల్పాడే. మా చిన్నాన్న కొడుక్కి అక్కడ బస్టాండు దగ్గర జిరాక్సు షాపుంది. 2020 లాక్‌డౌన్‌లో స్కూళ్ళు మూతబడి, జిరాక్సు తీయించుకునే దిక్కు లేక, వాడు ఆన్‌లైన్లో తెలుగు పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టాడు. తిరుపతి, విజయవాడ, హైదరాబాదు ప్రచురణకర్తల దగ్గర ముప్పై, ముప్పైఐదు శాతం తగ్గింపుకి తెచ్చుకోవడం, ఒక పెద్ద మార్కెట్‌ప్లేస్‌లో పెట్టడం, ఆర్డరొస్తే ప్యాక్ చేసి పోస్టాఫీసులో ఇవ్వడం. అంతే పని. నెలకి నలభై, యాభై పుస్తకాలు పోయేవి. అస్సాంలో పనిచేసే ఒకాయన ప్రతి రెండు నెలలకీ ఆర్డరు పెట్టేవాడు. 'పాఠకుడు చచ్చిపోయాడు' అని హైదరాబాదులో మైకు ముందు ఎవరో అంటున్న సమయానికి వాయల్పాడులో మావాడు ఆయన అడ్రసు రాస్తూ ఉండి ఉంటాడు.

2024 చివర్లో మార్కెట్‌ప్లేస్ నుంచి ఒక మెయిలొచ్చింది. ఇకమీదట అమ్మేవాళ్ళు సొంతంగా పంపడానికి వీల్లేదు. ప్రతి ఆర్డరూ తమ లాజిస్టిక్స్ ద్వారానే పోవాలి. ఆర్డరొచ్చిన ఇరవైనాలుగు గంటల్లో ప్యాకెట్ సిద్ధంగా ఉండాలి. లేబుల్ వాళ్ళిచ్చినదే అంటించాలి. పుస్తకాలకి మామూలు కవరు పనికిరాదు, గట్టి అట్టపెట్టె వాడాలి. ఛార్జీ అరకిలో చొప్పున. 300 గ్రాములున్నా అరకిలో కిందే లెక్క, 510 గ్రాములుంటే కిలో.

చదవడానికి ఇందులో తప్పేమీ కనబడదు. లెక్క వేస్తేనే తెలుస్తుంది. 300 రూపాయల నవల ఒకటి తీసుకోండి. మావాడికి 195కి వస్తుంది, మిగిలేది 105. నవల బరువు 480 గ్రాములు. కమీషనూ ఇతర ఫీజులూ 25, షిప్పింగు 58, కవరు 4 పోతే వాడికి మిగిలేది 18 రూపాయలు. ఇప్పుడు అదే నవలని గట్టి పెట్టెలో పెట్టండి. బరువు 540 అవుతుంది. గీత దాటింది కాబట్టి షిప్పింగు 88. పెట్టె 13. ఫీజులు అవే 25. మొత్తం 126. అంటే పుస్తకం అమ్మిన పాపానికి 21 రూపాయలు చేతినుంచి పెట్టుకోవాలి. పుస్తకం మారలేదు, ధర మారలేదు, కొనే మనిషి మారలేదు. పెట్టె మారింది.

దీనికి తోడు పికప్. వాయల్పాడుకి పికప్ బండి రోజూ రాదు. రాని రోజున 'మదనపల్లె హబ్బుకి తెచ్చి ఇవ్వండి' అని ఫోనొస్తుంది. పోను ఇరవై కిలోమీటర్ల పైన, రాను ఇరవై పైన, షాపు మూసుకుని, మూడు పుస్తకాల కోసం. పోకపోతే స్క్రీను మీద ఎర్రగా పడుతుంది: ఆలస్యం, కారణం అమ్మకందారు. నాలుగైదు ఎర్ర గుర్తులు పడితే అకౌంటు రేటింగు పడిపోతుంది, పుస్తకాలు వెతికినవాళ్ళకి కనబడటం మానేస్తాయి.

"వాడొస్తే గదన్నా నేనిచ్చేది! వాడు రాలేదని నేను రాస్తే, నేనివ్వలేదని ఆడ పడతాండాది," అన్నాడు మావాడు ఫోన్లో.

అది ఎందుకు అలా పడుతుందో నాకు తెలుసు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

ఆరేడేళ్ళ క్రితం నేను వేరే కంపెనీలో ఉండగా ఇలాంటి వ్యవస్థకే కోడు రాశాను. నిర్ణీత సమయానికి ప్యాకెట్ మీద స్కాన్ పడకపోతే ఆలస్యానికి బాధ్యులెవరు అని నింపే గడి ఒకటుంది. సమాచారం ఏదీ రాకపోతే ఆ గడిలో ఏం పడాలి? 'తెలియదు' అని పెడదామా అని ఎవరో అడిగారు. 'తెలియదు' అంటే రిపోర్టులు పాడవుతాయన్నారు. 'సెల్లర్' అని పెట్టాం. పెట్టింది నేనే. ఒక లైను మార్పు, పది నిమిషాల పని. డెమోలో చూపించిన పిన్‌కోడ్లన్నీ బెంగళూరువే. అక్కడ బండి రాకపోవడం అనేది ఉండదు కాబట్టి ఆ గడి గురించి ఎవరూ మళ్ళీ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు, నా తమ్ముడు ఫోన్ చేసేదాకా. వాడు వాడే మార్కెట్‌ప్లేస్‌కీ మేం చేసిన పనికీ సంబంధం లేదు. కానీ అక్కడ కూర్చున్న ఇంజనీరు నాలాంటివాడే అయ్యుంటాడు. వాడికీ పది నిమిషాలే పట్టి ఉంటుంది.

అందుకే 'నియమాలు అందరికీ ఒకటే కదా' అని నా తోటి ఉద్యోగులు అంటే ఒప్పుకోలేను. గోడౌను పక్కన ఉన్నవాడికీ, బండి రాని ఊరివాడికీ గడువు ఒకటే పెడితే అది సమానత్వం కాదు. దూరాన్ని లెక్కలోంచి తీసేసి, దాని ఖర్చు దూరంగా ఉన్నవాడి మీదే వేయడం.

ఇంతకీ మావాడు ఏం చేశాడో చెప్తాను. ఎదురు తిరగలేదు, సర్దుకున్నాడు. ఒక ఆదివారం తూకం ముందు కూర్చుని తన దగ్గరున్న పుస్తకాలన్నీ తూచాడు. 430 గ్రాములు దాటినవన్నీ జాబితాలోంచి తీసేశాడు. ఆ తీసేసిన జాబితా నాకు పంపాడు. 'వేయిపడగలు' పోయింది. 'మైదానం' మిగిలింది. విశ్వనాథా చలమా అని మన పెద్దవాళ్ళు దశాబ్దాలపాటు కొట్టుకున్నారు, వాయల్పాడు జిరాక్సు షాపులో తూకం ఆ తగువు తీర్చేసింది. బుచ్చిబాబు నవల ఎడిషన్ని బట్టి అటూ ఇటూ ఊగింది. మా లైన్లోనే పాకాల వైపు దామలచెరువులో బతికి కథలు రాసిన మధురాంతకం రాజారాం గారి సంపుటం పోయింది. సంకలనాలు పోయాయి, సమగ్ర సంపుటాలు పోయాయి. నిలబడినవి పలచటి కవితా సంపుటాలు, వాటికంటే ఎక్కువగా, ధనవంతులు కావడం ఎలా అని చెప్పే అనువాదాలు.

"అన్నా, మంచి పుస్తకాలన్నీ ఇంత బరువుంటాయేం?" అని అడిగాడు. వాడు హాస్యానికి అనలేదు.

నా వాదన ఇదే. అరకిలో గీత తెలుగు సాహిత్యాన్ని ఎడిట్ చేస్తోంది. ఏ విమర్శకుడూ, ఏ అకాడమీ, ఏ సెన్సారూ చేయని పని అది చేస్తోంది. ఆ పుస్తకాన్ని ఎవరూ నిషేధించరు, చెడ్డదని అనరు. వెతికితే 'అందుబాటులో లేదు' అని వస్తుంది. మీరు అవుట్ ఆఫ్ ప్రింట్ అనుకుంటారు. ప్రచురణకర్త అమ్ముడుపోవడం లేదనుకుంటాడు. సభలో వక్త పాఠకుడు చచ్చిపోయాడంటాడు.

అవతలి పక్షం మాట కూడా వినాలి. సొంతంగా పంపే రోజుల్లో డబ్బు కట్టించుకుని పుస్తకం పంపనివాళ్ళున్నారు, చిరిగిన కాపీ పంపినవాళ్ళున్నారు. ప్యాకెట్ ఎక్కడుందో తెలియడం కొనేవాళ్ళ హక్కే. అస్సాం పాఠకుడిని మావాడికి పరిచయం చేసింది ఆ మార్కెట్‌ప్లేసే, ఏ సాహిత్య సంస్థా కాదు. ఇదంతా నిజం. కానీ నమ్మకం కోసం పెట్టిన నియమానికీ, దారి మొత్తం తన చేతిలో పెట్టుకోవడానికి పెట్టిన నియమానికీ తేడా ఉంది. ట్రాకింగ్ నంబరు ఇవ్వాలి అన్నది మొదటి రకం. ఆ నంబరు మాదే అయి ఉండాలి అన్నది రెండో రకం.

చట్టం లేదా అంటే, ఉంది. విదేశీ పెట్టుబడులున్న మార్కెట్‌ప్లేసులు గోదాములు, లాజిస్టిక్స్ లాంటి సేవలని అమ్మకందారులందరికీ న్యాయంగా, వివక్ష లేకుండా అందించాలని 2018 డిసెంబరులో కేంద్రం ఇచ్చిన ప్రెస్ నోట్ 2 చెప్పింది. ఒకే రకం అమ్మకందారుల మధ్య తేడా చూపిస్తే ఆ సంగతి షరతుల్లో రాయాలని 2020 ఈ-కామర్స్ నియమాలు చెప్పాయి. కాగితం మీద బాగానే ఉంది. కానీ ఒకే గడువు అందరికీ పెట్టడాన్ని వివక్ష అని ఎవరు నిరూపిస్తారు? జిరాక్సు షాపు వాడా? మదనపల్లె టమోటా మార్కెట్లో రైతుకి అన్యాయం జరగదని నేననను. కానీ అక్కడ మండీవాడి ఎదురుగా నిలబడి అరవొచ్చు, నలుగురిని పోగేయొచ్చు, యార్డు గేటు ముందు కూర్చోవచ్చు. మావాడికి అరవడానికి ఎదురుగా మనిషే లేడు. చాట్‌బాట్ ఉంది, అది ప్రతిసారీ క్షమాపణ చెప్తుంది.

నాకు ఎక్కువ కోపం మార్కెట్‌ప్లేస్ మీద కూడా కాదు. లాభం కోసం పెట్టినవాళ్ళు లాభం చూసుకుంటారు. పుస్తకం సబ్బుబిళ్ళ లాంటిది కాదని ఒప్పుకున్న సంస్థ ఒకటి మనకుండేది: తపాలా శాఖ. 1877లో మొదలైన వీపీపీ మీద తెలుగు ప్రచురణ ఎంత ఆధారపడిందో పాత పుస్తకాల వెనక అట్టలు చూస్తే తెలుస్తుంది. ఊళ్ళో పుస్తకాల షాపు లేకపోయినా పోస్ట్‌మ్యాన్ ఉండేవాడు. పుస్తకాలకి విడిగా ఒక రేటుండేది. రిజిస్టర్డ్ బుక్ పోస్టులో కిలో పుస్తకాలు నలభై రూపాయల లోపే దేశంలో ఏ మూలకైనా పోయేవి. 2024 డిసెంబరు 18న ఆ సేవని ఆపేశారు. ముందు చెప్పింది లేదు, చర్చ లేదు. మావాడికి మార్కెట్‌ప్లేస్ దారి ఇరుకైన రోజుల్లోనే రెండో దారి కూడా మూసుకుపోయింది.

తర్వాత 2025 మే 1 నుంచి 'జ్ఞాన్ పోస్ట్' తెచ్చారు. 300 గ్రాములకి 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్నులు అదనం. మంచిదే, మార్కెట్‌ప్లేస్ రేటుతో పోలిస్తే చాలా మంచిది. కాకపోతే విద్యా, సామాజిక, సాంస్కృతిక, మతపరమైన పుస్తకాలకే అన్నారు, వాణిజ్య స్వభావమున్నవి కుదరవన్నారు. నవల ఇందులో ఏ గడిలోకి వస్తుంది? అమ్మిన పుస్తకం వాణిజ్యమా, సంస్కృతా? గడి పేరు అస్పష్టంగా ఉంటే దాన్ని నింపేది కౌంటర్లో కూర్చున్నవాళ్ళు. ఆ విషయం గడులు పెట్టినవాడిగా నాకు బాగా తెలుసు.

పన్నుల సంగతీ ఇంతే. అచ్చు పుస్తకం మీద జీఎస్టీ లేదని గొప్పగా చెప్పుకుంటాం. ఆ పుస్తకం అమ్మిపెట్టినందుకు తీసుకునే కమీషన్ మీద, షిప్పింగు మీద 18 శాతం ఉంది. పుస్తకాలు మాత్రమే అమ్మేవాడు ఆ పన్నుని ఎక్కడా తిరిగి రాబట్టుకోలేడు. పుస్తకానికి ముందు గుమ్మంలో మినహాయింపు ఇచ్చి దొడ్డిగుమ్మంలో వసూలు చేస్తున్నాం.

బుక్ పోస్టు ఆగినప్పుడు కొందరు చిన్న ప్రచురణకర్తలు గొంతెత్తారు. తెలుగు సాహిత్య సంఘాలన్నీ కలిసి ఒక మెమోరాండం ఇచ్చిన జ్ఞాపకం నాకు లేదు. అదే నెలలో అవార్డుల మీద మనం పెట్టుకున్న కొట్లాటలు మాత్రం గుర్తున్నాయి. జ్ఞాన్ పోస్ట్ ఏ పుస్తకానికైనా, అమ్మినదానికైనా వర్తిస్తుందని స్పష్టంగా రాయమని అడగడానికి భాషాభిమానం కూడా అక్కర్లేదు, ఒక కాగితం చాలు. పుస్తకాల విషయంలో అమ్మకందారు తపాలా ద్వారా పంపుకునే వీలుండాలని, ట్రాకింగ్ ఉంటే చాలని మార్కెట్‌ప్లేసులని అడగడానికి ప్రచురణకర్తల సంఘాలు చాలు. బండి రాకపోతే తప్పు బండిదని రాయడానికి ఒక ఇంజనీరు, పది నిమిషాలు చాలు.

ఇక మనం, అంటే నగరాల్లో కూర్చుని ఇలాంటి వ్యాసాలు చదివే మీరూ నేనూ. 'ఫ్రీ డెలివరీ' అన్నది ఎక్కడా ఫ్రీ కాదు. ఆ డబ్బు వాయల్పాడులో ఎవడి జేబులోంచో పోతోంది, లేదా ఒక లావుపాటి పుస్తకం జాబితాలోంచి పోతోంది. ప్రచురణకర్తకి నేరుగా ఫోన్ చేసి, పోస్టు ఖర్చు కలిపి డబ్బు పంపడానికి ఐదు నిమిషాలు పడుతుంది. పుస్తకం నాలుగు రోజులు ఆలస్యంగా వస్తుంది. మన బల్ల మీద చదవకుండా ఉన్నవి ఎలాగూ ఇరవై ఉన్నాయి.

పోయిన నెల ఊరెళ్ళినప్పుడు, తీసేసిన పుస్తకాలన్నీ షాపులో పై అరలో వరసగా పెట్టి ఉన్నాయి. అస్సాం ఆయన మావాడి నంబరు సంపాదించి, మార్కెట్‌ప్లేస్‌తో పనిలేకుండా నేరుగా వాట్సాప్‌లో అడిగాడట, 'వేయిపడగలు' ఉందా అని. మావాడు దాన్ని గోధుమరంగు కాగితంలో చుడుతూ ఉన్నాడు. పోస్టాఫీసు మూసేలోపు ఇవ్వాలని తొందరపడుతున్నాడు. అడ్రసు నేను రాశాను.