గజ్జలలోని కురుపులు: దాచిన కొద్దీ ముదిరే బాధ

సూరత్ నగరంలోని లింబాయత్, ఉధ్‌నా ప్రాంతాల వీధులలో తెలుగు మాట వినిపించడం వింత కాదు. తెలంగాణా జిల్లాల నుండి తరలివెళ్ళిన పద్మశాలీ కుటుంబాలెన్నో అక్కడి వస్త్ర పరిశ్రమను నమ్ముకొని జీవిస్తున్నాయి. సిరిసిల్లలో సాంచాలని పిలిచే మరమగ్గాల నడుమ పన్నెండేసి గంటలు నిలబడి పనిచేసే కార్మికునికి ఒంటిమీది చెమట ఆరే వ్యవధి ఉండదు. తపతీ తీరపు తేమగాలికి బిగుతైన దుస్తుల ఒరిపిడి తోడవుతుంది. ఒకనాడు గజ్జలలో ఒక కురుపు లేస్తుంది. వేడి చేసిందని సరిపెట్టుకొని అతడు మజ్జిగ తాగుతాడు. తగ్గకపోయినా భార్యతో సైతం చెప్పడు. లోలోపల ఒకటే శంక: ఇది సుఖవ్యాధి యేమో!

ఆ శంక చాలా సందర్భాలలో నిరాధారమైనది. జననాంగాల చుట్టూ లేచే మొటిమల వంటి కురుపులకు ముఖ్యకారణం వెంట్రుకల కుదుళ్ళు వాచడమే. చెమట, ఒరిపిడి, క్షౌరపు కత్తి వల్ల కుదుళ్ళు దెబ్బతింటాయి. గొరిగిన వెంట్రుక కొన్నిసార్లు బయటికి రాక చర్మంలోనికే వంగి పెరుగుతుంది. అక్కడ సూక్ష్మజీవులు చేరి చీము పట్టిస్తాయి. లోతుగా పాకితే అదే సెగగడ్డ. ఇంటిపట్టున కూర్చొని చీరలకు అంచులు కుట్టే స్త్రీలకూ ఈ బాధ తప్పదు. సెగగడ్డలు మాటిమాటికీ లేచేవారు రక్తంలో చక్కెరను పరీక్ష చేయించుకోవడం అవసరం. మధుమేహం ఈ విధంగానూ బయటపడుతుంది.

చిన్న కురుపులకు ఇంటి చికిత్స చాలును. గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డను రోజుకు మూడు నాలుగు పర్యాయాలు, పది పదిహేను నిమిషాలసేపు కాపడం పెట్టాలి. పని ముగియగానే స్నానం చేసి, గజ్జలను తడి లేకుండా తుడుచుకొని, వదులైన నూలు దుస్తులు ధరించాలి. తువ్వాలు ఎవరిది వారికే ఉండాలి. మానేవరకు క్షౌరం కూడదు. కురుపును గిల్లడం, చిదమడం ఎంతమాత్రం తగదు. చిదిమితే చీము లోనికి పాకి, నొప్పి పెరిగి, మచ్చ మిగులుతుంది.

ఇక మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొనే పూతమందుల సంగతి. గజ్జలలో దురద పుట్టించే తామరకు గాని, కురుపులకు గాని చాలామంది వాడే మిశ్రమ లేపనాలలో స్టెరాయిడ్ ఉంటుంది. పూసిన నాలుగు రోజులు ఎరుపు, దురద తగ్గినట్లే ఉంటాయి. తరువాత తామర మరింత విస్తరిస్తుంది, చర్మం పలుచబడి చారలు పడుతుంది, మొటిమల వంటి కొత్త కురుపులు కూడా లేస్తాయి. ఈ అనర్థాన్ని గుర్తించియే 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ లేపనాలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ఆదేశించింది. ఆదేశం కాగితంపై ఉన్నంత మాత్రాన చాలదు. కొనేవాడూ జాగ్రత్త పడాలి.

కొందరిలో గజ్జలలోనూ చంకలలోనూ గడ్డలు లేచి, పగిలి, మానినట్లే మాని మళ్ళీ అక్కడే లేస్తాయి. ఆరు నెలలలో రెండు పర్యాయాలు, అంతకు మించి ఇట్లా జరిగితే అది సామాన్యమైన సెగగడ్డ కాకపోవచ్చు. దానిని హైడ్రాడెనైటిస్ సపురేటివా అంటారు. 1854లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు వెర్నాయి దీనికి చెమట గ్రంథులే కారణమని భావించాడు. వెంట్రుక కుదురు మూసుకుపోవడంతో ఇది మొదలవుతుందని తరువాతి పరిశోధనలు తేల్చాయి. ఇది అశుభ్రత వల్ల వచ్చేది కాదు, అంటువ్యాధి అసలే కాదు. పొగతాగడం, స్థూలకాయం దీనిని ముదిరిస్తాయి. తొలిదశలో క్లిండమైసిన్ పూత, డాక్సిసైక్లిన్ వంటి మాత్రలు పనిచేస్తాయి. ఆలస్యమైతే చర్మం కింద చీము సొరంగాలు ఏర్పడి శస్త్రచికిత్స తప్పనిసరి కావచ్చు. 1994లో ప్లేగు భయంతో సూరత్ ప్రజలు టెట్రాసైక్లిన్ కోసం మందుల దుకాణాలపై ఎగబడ్డారు. డాక్సిసైక్లిన్ ఆ కుటుంబానికి చెందినదే, గర్భిణులకు పనికిరాదు. కనుక సొంతంగా మింగరాదు.

సుఖవ్యాధి లక్షణాలు వేరుగా ఉంటాయి. నొప్పి లేని పుండు సవాయి కావచ్చు. గుంపుగా లేచి మండే నీటిపొక్కులు హెర్పిస్ కావచ్చు. కాలీఫ్లవర్ ఆకృతిలో పెరిగే పులిపిరులు వేరొక వైరస్ వల్ల వస్తాయి. ఇవి కనిపిస్తే భార్యాభర్తలిద్దరూ పరీక్ష చేయించుకోవాలి. సవాయి పెన్సిలిన్ సూదిమందుతో నయమవుతుంది. జ్వరం, త్వరగా వ్యాపించే ఎరుపు, భరించరాని నొప్పి ఉంటే ఏ కురుపుకైనా ఆనాడే వైద్యుని చూడాలి.

సూరత్‌లో న్యూ సివిల్ ఆస్పత్రి, నగరపాలక సంస్థకు చెందిన స్మిమేర్ ఆస్పత్రి ఉన్నాయి. మన దేశంలో చర్మవ్యాధులకు, సుఖవ్యాధులకు ఒకే విభాగం ఉండడం ఆనవాయితీ. ఆ పలకను చూచి వెనుదిరిగేవారు అనేకులు. లోపల ఉన్న వైద్యునికి మాత్రం గజ్జలలోని కురుపు, చేతిమీది కురుపు ఒకటే. సిగ్గుపడి గడిపే ఒక్కొక్క నెల, మందుతో పోయే బాధను కత్తిదాకా తీసుకువెళుతుంది.